తాళం వేసి పంపిన పెళ్లి ఫోటోలు

నరసరావుపేటలో ఒకే ఫోటో స్టూడియోలో ముప్పై రెండేళ్లు పనిచేశాను. చేరిన కొత్తలో నెగటివ్‌ల మీద సన్న బ్రష్షుతో మచ్చలు పూడ్చేదాన్ని. మానేసే నాటికి పెళ్లి ఫోటోలను ఇంటర్నెట్‌లో గ్యాలరీగా పెట్టి, దానికి పాస్‌వర్డ్ వేసి, ఇంటివాళ్లకు పంపేదాన్ని. ఈ మధ్యలో నా కళ్లజోడు నాలుగుసార్లు మారింది. మా ఓనరు మాత్రం మారలేదు. అప్పుడూ ఇప్పుడూ పని నాకు చెప్పి, తను టీ తాగేవాడు.

ఇప్పుడు స్టూడియోల్లో పనిచేసే పిల్లలు ఎక్కడైనా కనబడితే, మీరు చాలా జాగ్రత్త మనిషంట గదా ఆంటీ అంటారు. ఆ పేరు ప్రచారం చేసింది మా ఓనరే. నేను కాదనను. కానీ నా ఉద్యోగంలో జరిగిన అన్నిటికంటే పెద్ద పొరపాటు నా జాగ్రత్త వల్లే జరిగింది. దాని గురించి మీకు చెప్పాలి. పనికొస్తే దాచుకోండి, లేదంటే నవ్వుకోండి.

ముందు మా రిజిస్టరు సంగతి చెప్పాలి. మా దగ్గర మనిషికో పేజీ కాదు, ఇంటికో పేజీ. ఒక ఇంట్లో పెళ్లి చేశామంటే ఆ పేజీ మొదలైనట్టే. తర్వాత పిల్లాడి అన్నప్రాసన, మొదటి పుట్టినరోజు, ఆడపిల్ల ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, అన్నీ ఆ పేజీలోనే కిందకి కిందకి రాసుకుంటూ పోయేదాన్ని. పైన ఇంటివాళ్ల ఫోన్ నంబరు. కంప్యూటర్ వచ్చాక ఆ పేజీలన్నీ నేనే కూర్చుని ఎక్కించాను. ఎవరైనా మెట్లెక్కి లోపలికి రాగానే, మీ చెల్లెలి ఓణీల ఫంక్షన్ మనమే చేశాం గదమ్మా అనేదాన్ని. వాళ్ల మొహం వెలిగిపోయేది. ఇంకో స్టూడియోకు వెళ్లి బేరం అడిగొద్దామని వచ్చినవాళ్లు కూడా అక్కడే కూర్చుండిపోయేవాళ్లు. ఆ రిజిస్టరంటే నాకు గర్వం.

గ్యాలరీ పద్ధతి రాకముందు ఆల్బంకి ఫోటోలు ఎంచుకోమని చిన్న సైజు ప్రింట్ల కట్ట ఇచ్చేవాళ్లం. ఆ కట్ట వీధి మొత్తం తిరిగి, సాంబారు మరకలతో, నాలుగు ఫోటోలు తక్కువగా తిరిగొచ్చేది. ఆన్‌లైన్ వచ్చాక ఆ బాధ తప్పింది. ఫోటోలన్నీ ఎక్కించి, పాస్‌వర్డ్ పెట్టి, పంపమని నొక్కితే చాలు. ఇంటివాళ్లు ఫోన్లో తెరుచుకుని, నచ్చిన ఫోటో మీద గుండె గుర్తు నొక్కుతారు. ఆ గుర్తులున్నవి ఆల్బంలోకి వెళ్తాయి. పాస్‌వర్డ్ ఏం పెట్టాలన్నది కొన్నాళ్లు పెద్ద సమస్యైంది. ఏది పెట్టినా మర్చిపోయి నాకే ఫోన్ చేసేవాళ్లు. అందుకని ముహూర్తం టైమే పెట్టడం మొదలుపెట్టాను. శుభలేఖ మీద చూసుకుంటే సరిపోతుంది. ఆ శుభలేఖ ఊరంతా పంచుతారు గదా అని మీరు అడగొచ్చు. నిజమే. అది పేరుకే తాళం. ఒక పెళ్లికొడుకు తండ్రైతే లింకూ, పాస్‌వర్డూ వాళ్ల ఊరి గ్రూపులో పెట్టేసి, ఇంతమంది చూసేదానికి తాళమెందుకమ్మా అని నన్నే అడిగాడు. మా వైపు ఫోటో చూశారని ఎవరూ బాధపడరు. చూడలేదంటేనే బాధ.

తాళం నిజంగా కావాలని నన్ను అడిగింది ఒక్క మనిషే. ఆమె నడికుడి నుంచి వచ్చింది.

ఆమెను మొదటి పెళ్లి నుంచీ ఎరుగుదును. ఆ పెళ్లి మేమే చేశాం, పాప అన్నప్రాసన కూడా మేమే చేశాం. భర్త నడికుడిలో రైల్వే ట్రాకు మీద పనిచేసేవాడు. కామెర్లు ముదిరి పోయాడు. ఆయన ఉద్యోగం బదులు ఈమెకు స్టేషన్ ఆఫీసులో పని ఇచ్చారు. అప్పటినుంచి ఆమె, కూతురు, అత్త, ముగ్గురూ రైల్వే క్వార్టర్‌లో ఉంటున్నారు. నాలుగేళ్లు గడిచాక, ఒకరోజు పొద్దున్నే పాపను వెంటబెట్టుకుని స్టూడియోకు వచ్చి, అక్కా, నేను మళ్లీ పెళ్లి చేసుకుంటున్నా అంది. చెప్పేటప్పుడు నా మొహం వంక చూడకుండా గోడ మీది ఫోటోల వంక చూసింది. నాకు సంతోషమేసి, లేచి ఆమె చెయ్యి పట్టుకున్నాను. అతను మాచర్ల మనిషట, సిగ్నల్ పనిలో ఉంటాడట, పెళ్లయ్యాక అతనూ ఆ క్వార్టర్‌లోనే ఉంటాడట. చేసుకోమని మొదట అన్నది అత్తగారేనని చెప్పింది.

"అత్త ఒప్పుకుందక్కా. కాని పెళ్లికి రానంది. ఫోటోలు కూడా తనకెవురూ చూపిచ్చొద్దంది. చూడాలనిపిస్తే తనే అడిగిద్దంట. అప్పటిదాకా ఒక్క ఫోటో కూడా బయటికి పోగూడదు" అంది.

ఎందుకంత పట్టింపు అని అడిగాను. తాంబూలాలు మార్చుకున్న రోజు ఎవరో చుట్టాలావిడ ఫోన్లో తీసిన ఫోటో తెచ్చి, చూడు నీ కోడలు ఎట్టుందో అని ముసలావిడ మొహం ముందు పెట్టిందట. ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా సంచి సర్దుకుని బొల్లాపల్లిలో కూతురింటికి వెళ్లిపోయింది. పది రోజులు రాలేదు. నానమ్మ పక్కన లేనిదే నిద్రపోని పిల్ల జ్వరం తెచ్చుకుంది. అల్లుడింట్లో ఎన్నాళ్లుంటావని బతిమాలి తీసుకొచ్చారు.

"ఈసారి పోతే రాదక్కా. ఆమె లేకపోతే నాకు ఆ ఇల్లు ఇల్లు కాదు. తను అడిగిన రోజు నా చేత్తో నేనే చూపియ్యాలి" అంది.

నేను ఆమెకు గొప్పగా మాటిచ్చాను. ఈ స్టూడియో గోడలకు కూడా తెలియనివ్వను అన్నాను. పాప అప్పటికే మా ఓనరు తిరిగే కుర్చీలో కూర్చుని గుండ్రంగా తిరుగుతోంది. ఓనరు తన టీ గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పెళ్లి కోటప్పకొండ మీద జరిగింది. ఇటు అటు కలిపి పదిహేనుమంది. వేరే ఫోటోగ్రాఫర్ని పంపకుండా ఓనరే వెళ్లి తీశాడు. శుభలేఖ లేదు కాబట్టి ముహూర్తం టైము పాస్‌వర్డుగా పనికిరాదు. పాస్‌వర్డ్ ఆమెనే అనుకోమన్నాను. తను ఫోన్లో చెబితే విని, పెట్టి, ఎక్కడా రాయలేదు. లింకు ఆమె ఫోనుకు విడిగా పంపాను. ఇంత జాగ్రత్త నా జన్మలో ఎప్పుడూ పడలేదు.

గ్యాలరీ తయారుచేసేటప్పుడు మాత్రం అలవాటు కొద్దీ వాళ్లింటి పేజీ తీశాను. మొదటి పెళ్లి, పాప అన్నప్రాసన, ఆ తర్వాత ఖాళీ. ఆ ఖాళీలో ఈ పెళ్లి ఎక్కిస్తుంటే మనసుకు హాయిగా అనిపించింది. ఆగిపోయిన పేజీ మళ్లీ కదిలిందనుకున్నాను. పంపమని నొక్కి, భోజనానికి ఇంటికి వెళ్లాను.

నాలుగో రోజు ఎంతమంది చూశారోనని తెరిచాను. ఎవరు చూసినా ఆ నంబరు మాకు కనిపిస్తుంది. రెండు నంబర్లున్నాయి. ఒకటి పెళ్లికూతురిది. రెండోది ఎవరిదో, పదకొండుసార్లు తెరిచారు. నలభై ఒక్క ఫోటోల మీద గుండె గుర్తులున్నాయి. పెళ్లికొడుకై ఉంటాడులే అనుకున్నాను. అయినా ఆ గుర్తులు చిత్రంగా తోచాయి. మామూలుగా అందరూ తాళి కట్టేది, తలంబ్రాలు పోసుకునేది ముందు నొక్కుతారు. ఇక్కడ వాటిలో ఒక్కోటే ఉన్నాయి. పాప ఉన్న ఫోటోలు దాదాపు అన్నీ ఉన్నాయి. గుడి బయట పెళ్లికొడుకు పట్టుబట్టల్లో నిలబడి, పాప చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని ఎటో చూస్తున్న ఫోటో ఉంది. అది ఓనరు అనుకోకుండా తీసింది, నేను తీసేద్దామనుకున్నది.

అప్పుడు నంబరు వంక మళ్లీ చూశాను. ఎక్కడో చూసినట్టుంది. అటక మీది పాత రిజిస్టరు దింపి ఆ పేజీ తీస్తే నా చేతిరాతే కనిపించింది. అది పోయినాయన నంబరు. మొదటి పెళ్లికి అడ్వాన్స్ ఇచ్చిన రోజు ఆయనే చెప్పి రాయించాడు.

పోయిన మనిషి తన భార్య పెళ్లి ఫోటోలు చూసి గుర్తులు పెడుతున్నాడా అని నిజంగానే అనుకున్నాను. తర్వాత బుర్ర పనిచేసింది. పంపమని నొక్కగానే ఆ యంత్రం తనంతట తనే, ఆ పేజీ మీద ఏ నంబరుంటే ఆ నంబరుకు, లింకూ పాస్‌వర్డూ రెండూ కలిపి మెసేజ్ కొడుతుంది. ఈ సదుపాయం గురించి ఓనరు దగ్గర నేనే పొగిడాను కూడా. నేను చేత్తో చేసిన జాగ్రత్తంతా చేశాను, యంత్రం తన పని తను చేసింది. ఇంటికో పేజీ అని మురిసిపోయిన నేను, ఆ ఇంటి మనిషి పోయాడని తెలిసి కూడా నంబరు మార్చలేదు.

ఓనరుకు చెప్పాను. ఆయన టీ పూర్తిచేసి, వాడకుండా వదిలేసిన నంబరు కంపెనీవాళ్లు ఇంకొకరికి ఇచ్చేస్తారు, ఎవడో ముక్కూమొహం తెలియనివాడికి వెళ్లుంటుంది, తాళం మార్చేసి నోరు మూసుకో అన్నాడు. ఆ మాటతో నా భయం ఇంకా పెరిగింది. ఎవడో ఊరూపేరూ లేనివాడు ఆ పిల్లనూ, ఆ పసిదాన్నీ పదకొండుసార్లు చూసి గుండె గుర్తులు పెట్టాడన్నమాట. వెంటనే పాస్‌వర్డ్ మార్చాను. అక్షరాలూ, అంకెలూ, చుక్కలూ కలిపి, నాకే గుర్తుండనిది పెట్టాను. పెళ్లికూతురికి ఫోన్ చేసి చెప్పాలని తెలుసు. రేపు చెబుదామని ఆగాను. అది జాగ్రత్త కాదు, పిరికితనం.

మర్నాడు స్టూడియో తెరిచి చీపురు పట్టుకున్నానో లేదో ఫోన్ మోగింది. ఆ నంబరే. చీపురు పట్టుకునే ఎత్తాను.

"స్టూడియోనా అమ్మాయ్? ఫోటోలు రాట్లేదు. నిన్నటిదాకా బానే వచ్చినయ్. తాళం పట్టట్లేదంటన్నాడు ఈ ఫోన్ల షాపు పిల్లోడు" అంది ఒక ముసలి గొంతు.

ఎవరండీ, ఎక్కడినుంచి అని అడిగాను.

"నడికుడి నించి. ఆ పెళ్లికూతురి అత్తని."

నేను చీపురుతో సహా మెట్టు మీద కూర్చుండిపోయాను. ఎవరు చూడకూడదని తాళం వేశానో సరిగ్గా వాళ్లకే తాళంచెవి పంపాను. పైగా ఆవిడ తాళం పట్టట్లేదని నాకే ఫిర్యాదు చేస్తోంది. నేను ఇవాళ మీ దగ్గరికే వస్తున్నాను పెద్దమ్మా, అప్పటిదాకా ఎక్కడికీ వెళ్లొద్దు అన్నాను. నేను యాడికి పోతా అని పెట్టేసింది. అంతా విన్న ఓనరు మొదటిసారి ఏ సలహా ఇవ్వలేదు. నువ్వే వెళ్లిరా అన్నాడు.

పిడుగురాళ్లలో బస్సు మారాను. సున్నం బట్టీల దుమ్ము కిటికీలోంచి మొహం మీద పడుతున్నా తుడుచుకోలేదు. దారి పొడవునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. నాలుగు రకాల క్షమాపణలు తయారయ్యాయి. కోడలి తప్పు లేదు, నాది అని మొదలుపెట్టాలి. మీరు బొల్లాపల్లి వెళ్లొద్దు అని ముగించాలి. ఆవిడ సంచి సర్దుకుని గుమ్మంలో కూర్చుందేమోనన్న భయం మాత్రం నడికుడి వచ్చేదాకా పోలేదు.

కోడలు డ్యూటీలో ఉంది, పాప బడికి వెళ్లింది. ముసలావిడ వరండాలో కూర్చుని కుప్ప పోసిన ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నేను నమస్కారం పెట్టి నోరు తెరిచాను, తుమ్ము వచ్చింది. మళ్లీ తెరిచాను, ఇంకోటి వచ్చింది. క్షమాపణ చెప్పడానికి వెళ్లి పావుగంటసేపు తుమ్మాను. ఆవిడ కుప్ప మీద గోతం కప్పి, మంచినీళ్లిచ్చి, మీ నరసరావుపేటోళ్లకి మిరపకాయ అలవాటుండదా అంది. అప్పుడు చేతులు కడుక్కుని, బొడ్లోంచి ఒక ఫోన్ తీసింది. కారం అంటకుండా దాన్ని పాల కవర్లో చుట్టి ఉంచింది. అది కొడుకు ఫోను.

నా తప్పు ఒప్పుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ నా మాటలు సగంలోనే ఆపేసి తన సంగతి చెప్పింది. కొడుకు పోయాక ఆ నంబరును ఆవిడ ఒక్క నెల కూడా వదల్లేదు. స్టేషన్ రోడ్డులో ఫోన్లు బాగుచేసే ఒక ముస్లిం కుర్రాడి షాపుకు వెళ్లి ప్రతి నెలా రీఛార్జ్ చేయించుకుంటుంది. వదిలేస్తే నంబరు ఇంకెవరికో వెళ్లిపోతుందని, కొడుకు నంబరుకు చేస్తే ఇంకొకడు ఎత్తడం తను ఓర్చుకోలేనని చెప్పింది. ఆ ఫోనుకు ఎవరూ చెయ్యరు. అలాంటిది ఒకరోజు టింగుమని మోగింది. ఆవిడకు చదవడం రాదు. ఆ కుర్రాడి దగ్గరికి తీసుకెళితే అతను చదివి, కాసేపు నసిగి, పెళ్లి ఫోటోలమ్మా, తీసేయమంటారా అని అడిగాడు. వద్దని ఫోన్ తీసుకుని ఇంటికొచ్చేసింది. మర్నాడు మళ్లీ వెళ్లి తెరవమంది. అతను పాస్‌వర్డ్ కొట్టి, ఎట్లా జరపాలో, నచ్చినదాని మీద ఎక్కడ నొక్కాలో చూపించి, ఫోన్ ఆవిడ చేతికిచ్చి, తను అటు తిరిగి పని చేసుకున్నాడు. అతని పేరు ఎత్తినప్పుడల్లా ఆవిడ మంచి పిల్లోడు అంది.

చూడనన్నావు గదా పెద్దమ్మా, ఎందుకు చూశావు అని అడిగాను. అడిగాక, అడగకుండా ఉండాల్సిందనిపించింది.

ఆవిడ ఫోన్ వంక చూసింది. "దాన్ని మళ్లీ పెళ్లి చేసుకోమని చెప్పింది నేనే. కాని వాడికి చెప్పకుండా చేస్తన్నామే అని లోపల పీకతా ఉండేది. ఎట్టా చెప్పేది, ఎవురు చెప్పేది. ఇంతలో వాడి ఫోనుకే వచ్చింది. వాడికి చెప్పినట్టే అయింది గదమ్మా" అంది.

తుమ్ము వస్తే బాగుండుననిపించింది, కళ్లు తుడుచుకోవడానికి సాకు దొరికేది. నేను చేసిన పొరపాటు కోసం ఒక మనిషి ఇన్నాళ్లుగా ఎదురుచూస్తోందంటే ఏమనాలి. సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక, కాసేపు రెండూ పడ్డాను.

ఆవిడ మాత్రం వెంటనే పనిలోకి దిగింది. తాళి కట్టే ఫోటోలో కోడలి జడ వంకరగా ఉందట, సరిచెయ్యాలి. ఫోటోలు మరీ తెల్లగా చెయ్యొద్దు, మా పిల్ల చామనఛాయే అంది. పెళ్లికొడుకు గురించి ఏమీ అనకుండా, చెప్పులు పట్టుకున్న ఫోటో మాత్రం ఆల్బంలో తప్పకుండా వెయ్యమంది. అతని వైపువాళ్లు వద్దన్నా వెయ్యమంది. తర్వాత కొత్త తాళం చెప్పమంది. నేను పెట్టినది చదివి వినిపించాను. అట్లాంటిది ఎవురికి గుర్తుంటది, బుడంకాయ అని పెట్టు అంది. పాపను ఆవిడ పిలిచే పేరు అది. అక్కడే కూర్చుని ఫోన్లో మార్చాను.

లేవబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"నేను చూసినట్టు దానికి చెప్పమాక. నేనడిగితే చూపిచ్చాలని అది దాచిపెట్టుకుంది. ముందే చూశానంటే దాని ముచ్చట పోయిద్ది. నేను అడుగుతా. కాని ఇంకా అడగాలనిపిచ్చట్లా. కొంచెం టైం పట్టిద్ది" అంది.

సరేనన్నాను. తిరుగు ప్రయాణంలో బస్సు ఇంకా పిడుగురాళ్ల చేరకముందే కోడలి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. గ్యాలరీ తెరుచుకోవట్లేదంది. భద్రత కోసం పాస్‌వర్డ్ మార్చానని, కొత్తది బుడంకాయ అని చెప్పాను. చెప్పాక గాని నాలుక్కరుచుకోలేదు. ఆ పేరు నీకెవరు చెప్పారక్కా అంది. ఎవరూ చెప్పలేదు, పొట్టి పిల్లల్ని అనే మాటే గదా, నోటికొచ్చింది పెట్టాను అన్నాను.

"ఫోటోల మీద ఎవురో గుర్తులు పెట్టారక్కా. అయ్యి కూడా నువ్వేనా?"

నేనే, నమూనాకి పెట్టాను, నీకు నచ్చకపోతే తీసెయ్యి అన్నాను. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఇన్ని అబద్ధాలు ఒకే రోజు ఆడింది అప్పుడే.

"బాగా ఎంచావు. ఆల్బంకి అవే ఉంచు. ఒక్కటి కూడా మార్చమాక" అని పెట్టేసింది.

ఆమెకు అర్థమైందో లేదో ఆ రోజు నాకు తెలియలేదు. నేను ఆమెకు నిజం చెప్పలేదు, ఇప్పటికీ చెప్పలేదు. తప్పు చేస్తే ఒప్పుకోవాలని మీలాంటి పిల్లలకు చెప్పే వయసు నాది. కానీ ఆ తప్పు నడికుడి వెళ్లొచ్చేసరికి నా ఒక్కదానిది కాకుండా పోయింది, ఒప్పుకోవడానికి నా చేతిలో మిగల్లేదు. అలాగని ఇందులోంచి తప్పుడు పాఠం నేర్చుకోకండి. ఇది నా అదృష్టం కొద్దీ ఇట్లా తిరిగింది. ఆ నంబరు నిజంగానే ఎవడో పోకిరీ చేతికి వెళ్లుంటే ఆ పిల్లకు నేనేం జవాబు చెప్పేదాన్ని? అందుకే చెబుతున్నాను, పాత పరిచయం ఎంతున్నా, ప్రతిసారీ నంబరు కొత్తగా అడిగి రాసుకోండి. లింకు ఒక దారిలో, పాస్‌వర్డ్ ఇంకో దారిలో పంపండి. యంత్రం తనంతట తను పంపే సదుపాయం ఉంటే ముందు దాన్ని ఆపండి. మనకు రోజూ వచ్చే వందల ఫోటోల్లో ఇవీ కొన్ని, అంతే. వాళ్లకు మాత్రం అలా కాదు.

నెలన్నర గడిచింది. ఆల్బం తయారై బీరువాలో ఉంది. అటునుంచి కబురు లేదు. బొల్లాపల్లి నుంచి కూడా ఏ కబురూ లేదు కాబట్టి నిమ్మళంగానే ఉన్నాను. ఒక ఆదివారం పొద్దున కోడలు ఫోన్ చేసి, అత్త అడిగిందక్కా అంది. ఏమని అడిగిందంటే, పప్పు గుత్తితో మెదుపుతూ, తల ఎత్తకుండా, ఫోటోలు తీయించుకున్నారంట గదా, ఏయి అందట. గొంతులో సంతోషం ఆగట్లేదు. పోస్టులో పంపమంటావా అని అడిగితే, నువ్వే తేవాలక్కా అంది. నేనూ ఆ మాట కోసమే చూస్తున్నాను.

వెళ్లేసరికి ముసలావిడ ఉతికిన చీర కట్టుకుని, మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, ఎవురే ఈమె, ఫోటోల ఆమేనా, ఎండన పడి వచ్చింది, మజ్జిగియ్యి అంది కోడలితో. నాకు నవ్వాగలేదు, చెప్పులు విప్పే మిషతో వంగాను. కొత్త అల్లుడనాలో కొడుకనాలో తెలియని ఆ మనిషి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. పాప నానమ్మ ఒళ్లోకి ఎక్కింది. కోడలు ఆవిడ పక్కన కూర్చుని, ఆల్బం ఇద్దరి మోకాళ్ల మీద పరిచి, మొదటి పేజీ తిప్పింది.

ముసలావిడ బాగానే నటించింది. ప్రతి ఫోటోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. ఇది కొండ మీదేనా అంది. ఈయనెవురు పూజారా అంది. రోజూ తనే అన్నం వడ్డించే మనిషిని చూపించి, పట్టుబట్టల్లో గుర్తే పట్టలేదు అంది. గుమ్మంలో అతను సిగ్గుపడి నవ్వాడు. చెప్పుల ఫోటో వచ్చినప్పుడు దాన్ని వేలితో తడిమింది. కోడలు పేజీ తిప్పబోతే,

"ఆగు, ఇంక కోతి వచ్చిద్ది" అంది.

కోడలి చెయ్యి పేజీ మీద ఆగింది. నేను మజ్జిగ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. పాప తలెత్తి, నీకెట్టా తెలుసు నానమ్మా అంది.

"కొండ మీద కోతులుండవా ఏంది" అంది ముసలావిడ, గోడ వైపు చూస్తూ.

కోడలు పేజీ తిప్పింది. కోతి ఉంది. పెళ్లికొడుకు భుజం మీది కండువా కొస పట్టుకుని లాగుతోంది. ఎవరూ నవ్వలేదు. కోడలు తల ఎత్తలేదు, నా వంక గాని అత్త వంక గాని చూడలేదు. తర్వాతి పేజీ అంచు వేళ్లతో పట్టుకుని, తిప్పకుండా, చాలా మెల్లగా అడిగింది.

"తర్వాత ఏముంటది అత్తా?"

ముసలావిడ పాప జుట్టు చెవి వెనక్కి సర్దింది.

"నువ్వు నవ్వతా ఉంటావు" అంది.